పిల్లలకి చదువు నేర్పే గేమ్స్ మన తెలుగులో ఎందుకు తయారు కావట్లేదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివానండి, ఫోన్లో గేమ్స్ అన్నీ బ్యాన్ చెయ్యాలి, స్కూళ్ళలో ట్యాబులు, ఐఎఫ్‌పి ప్యానెళ్ళు (క్లాసులో గోడకి పెట్టే పెద్ద టచ్ స్క్రీన్లు) తీసేసి పిల్లల్ని మళ్ళీ పలకా బలపం దగ్గర కూచోబెట్టాలి అని రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. నేనూ ఇద్దరు పిల్లల తల్లిని, ఇరవై రెండేళ్ళ నుంచి జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తున్నా, రాత్రి రెండింటి దాకా షూటింగ్ గేమ్ ఆడి పొద్దున ఫస్ట్ పీరియడ్లో బెంచీ మీద తలపెట్టి నిద్రపోయే పిల్లల్ని రోజూ చూస్తూనే ఉంటా. మా ఊళ్ళో ఒకాయన ఆన్‌లైన్ రమ్మీలో ఎకరం పొలం పోగొట్టుకున్నాడు, ఆయన కూతురు నా క్లాసులోనే చదివింది. కాబట్టి ఆ ఉత్తరాన్ని నేను తీసిపారెయ్యట్లేదు. కానీ "గేమ్స్ అన్నీ" అన్నారు చూడండి, ఆ "అన్నీ" దగ్గర నాకు మనసొప్పలేదు, దాని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, వీలైతే కట్ చెయ్యకుండా వెయ్యండి.

డబ్బులు పెట్టి ఆడేవాటి సంగతి వేరు. తెలంగాణలో 2017లో, మన ఆంధ్రాలో 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. ఆ చట్టం పేరులోనే ప్రోత్సాహం, నియంత్రణ అని రెండు మాటలున్నాయి, డబ్బు ఆటల్ని ఆపమంది, చదువుకి పనికొచ్చే ఆటల్ని పెంచమంది. నిషేధం గురించి టీవీల్లో రోజుల తరబడి చర్చలు జరిగాయి, ఆ రెండో మాట గురించి మాత్రం నాకు ఎక్కడా పెద్దగా కనపడలేదు.

చదువు నేర్పే గేమ్ అంటే ఏంటో నాకు పుస్తకాలు చదివి తెలిసింది కాదు, క్లాసులో తెలిసింది. కరోనాకి రెండేళ్ళ ముందు మాట. సమీకరణాలు చెప్పేటప్పుడు మేం లెక్కల టీచర్లం అందరం ఏం చెప్తామంటే, ప్లస్ అటు పోతే మైనస్ అవుతుంది, గుణకారం అటు పోతే భాగహారం అవుతుంది, పక్షాంతరం చెందించగా అని రాసి కింద లెక్క చెయ్యండి అంటాం. పిల్లలు అలాగే చేస్తారు, మార్కులు కూడా వస్తాయి. అటు పోతే గుర్తు ఎందుకు మారుతుందిరా అని అడిగితే మాత్రం క్లాసంతా నా మొహం వంక చూస్తుంది. వాళ్ళకి ఈక్వల్‌టు గుర్తంటే రోడ్డు మీద టోల్‌గేట్ లాంటిది, దాటాలంటే ఏదో ఒకటి కట్టాలి అంతే. రెండు పక్కలా సమానం అని, ఒక పక్క ఏం చేస్తే రెండో పక్కా అదే చెయ్యాలని తక్కెడ బొమ్మ గీసి చెప్పా, ఇంట్లోంచి నిజం తక్కెడ, రాళ్ళు తెచ్చి కూడా చెప్పా, ఆ రోజుకి ఊఁ అంటారు, యూనిట్ టెస్టులో మళ్ళీ మామూలే.

అప్పుడు బెంగళూరులో ఉండే మా తమ్ముడు డ్రాగన్‌బాక్స్ అని ఒక గేమ్ కొని నా ట్యాబులో వేసిచ్చాడు. 2012లో నార్వేలో వచ్చిన గేమ్ అది, తయారుచేసినాయన కూడా అంతకుముందు లెక్కల మాస్టారేనట. అందులో మొదట్లో ఒక్క అంకె కనపడదు. స్క్రీన్ రెండు భాగాలుగా ఉంటుంది, రెండు పక్కలా ఏవేవో జంతువుల బొమ్మలున్న కార్డులు, ఒక పక్క మెరుస్తూ ఒక పెట్టె. ఆ పెట్టె ఉన్న పక్క ఇంకేమీ లేకుండా దాన్ని ఒంటరిగా మిగల్చాలి, అదే ఆట. మిగిల్చితే పెట్టెలో ఉన్న డ్రాగన్ అవతలి పక్కవి తినేసి పెద్దదవుతుంది. ప్రతి కార్డుకీ ఒక రాత్రి కార్డు ఉంటుంది, అదే బొమ్మ చీకట్లో ఉన్నట్టు, పగటి కార్డు మీద రాత్రి కార్డు వేస్తే రెండూ కలిసి ఆకుపచ్చ సుడిలాగా తిరుగుతాయి, వేలు పెడితే మాయమైపోతాయి. అది సున్నా అన్నమాట, కానీ సున్నా అన్న మాట ఎక్కడా చెప్పరు. ఒక పక్క కొత్త కార్డు వేస్తే రెండో పక్క కూడా అదే కార్డు వేసేదాకా ఆట ముందుకి కదలనివ్వదు. లెవెల్స్ దాటేకొద్దీ బొమ్మలు పోయి అక్షరాలూ అంకెలూ వస్తుంటాయి, పెట్టె ఎప్పుడు ఎక్స్ అయిపోయిందో ఆడేవాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ట్యాబు ఒక్కటి, పిల్లలు ముప్పై ఎనిమిది మంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు నలుగురు చొప్పున ఆడించేదాన్ని, మిగతావాళ్ళు వెనకాల బెంచీలెక్కి నిలబడి "అటు కూడా వెయ్యవే, అటు కూడా వెయ్యి" అని అరిచేవాళ్ళు. ఆ అరుపు విని నేను వరండాలో అలా నిలబడిపోయా. పదిహేనేళ్ళ నుంచి నేను బోర్డు దగ్గర గొంతు పోయేలా చెప్తున్న మాట అదేనండీ, వాళ్ళంతట వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

ఇక్కడితో ఆపేస్తే గేమ్ వల్ల అంతా అయిపోయిందని మీరనుకుంటారు, అలా జరగలేదు. వాళ్ళల్లో ఒకమ్మాయి, ఆరో తరగతి నుంచీ లెక్కల్లో పదీ పదిహేను మార్కులు దాటని పిల్ల, అందరికంటే ముందు చివరి లెవెల్స్‌కి వెళ్ళింది. మర్నాడు సంబరంగా బోర్డు మీద 3ఎక్స్ + 7 = 22 అని రాసి ఆ అమ్మాయిని పిలిచా. వచ్చి చాక్‌పీస్ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి ఏడ్చేసింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, పిల్లకి లేనిపోని ఆశ పెట్టి నలుగురిలో నిలబెట్టానే అని. రెండు రోజులాగి క్లాసయ్యాక ఒక్కదాన్నే కూచోబెట్టి, కాగితం మీద అదే లెక్క రాసి, 7 పక్కన ఒక సూర్యుడి బొమ్మ గియ్యమన్నా. గీసింది. ఇప్పుడు ఇది మాయమవ్వాలంటే ఏం కావాలి అన్నా. "చంద్రుడు కావాలి టీచర్" అని మైనస్ 7 పక్కన చంద్రుణ్ణి గీసి, నేనేమీ అనకముందే 22 పక్కన కూడా ఇంకో చంద్రుణ్ణి గీసింది. తర్వాత రెండు పక్కలా కింద 3 పెట్టి 5 అని రాసింది. అట్లా ఓ వారం సూర్యచంద్రుల్తో చేశాక తనే బొమ్మలు మానేసింది.

చాలా రోజుల తర్వాత ఎక్కడో చదివా, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు ఈ గేమ్‌నే ఒక కంప్యూటర్ ట్యూటర్ ప్రోగ్రామ్‌తో పోల్చి చూశారట. గేమ్ ఆడిన పిల్లలు ఇష్టంగా ఆడారు, ఎక్కువ లెక్కలు దాటారు, కానీ గేమ్ బయట పరీక్ష పెడితే ట్యూటర్‌తో నేర్చుకున్నవాళ్ళే ముందున్నారు. నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు, నా క్లాసులో చూసిందే అది. గేమ్‌లో తెలిసింది కాగితం మీదకి రావాలంటే మధ్యలో ఒక వంతెన కావాలి, ఆ వంతెన టీచరే కట్టాలి. ట్యాబు ఇచ్చేశాం ఇక పిల్లలే నేర్చేసుకుంటారు అనేవాళ్ళూ, ట్యాబులన్నీ తీసేయండి అనేవాళ్ళూ, ఇద్దరూ ఈ సంగతి చూడట్లేదని నాకనిపిస్తుంది. అప్పట్నుంచీ నేను ఒక అలవాటు చేసుకున్నా, ఏ పాఠంలో ఏ లెక్క దగ్గర పిల్లలు ఏ తప్పు చేస్తున్నారు, ఎందుకలా చేశావని అడిగితే ఏం చెప్పారు, అంతా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటున్నా. ఇప్పటికి ఆరు నోట్‌బుక్కులయ్యాయి.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇది గవర్నమెంట్లో ఉన్నవాళ్ళు చదివితే బాగుణ్ణు. 1971లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో డాన్ రావిట్ష్ అని ఒక కుర్రాడు, మన బీఈడీ వాళ్ళు టీచింగ్ ప్రాక్టీస్‌కి వస్తారు చూడండి అలా, ఎనిమిదో తరగతికి హిస్టరీ చెప్పడానికి వెళ్ళాడు. ఎద్దుల బళ్ళు కట్టుకుని రెండు వేల మైళ్ళు పడమరకి వలసపోయిన కుటుంబాల పాఠం చెప్పాలి. రూమ్మేట్లు ఇద్దరు, వాళ్ళూ ట్రైనీ టీచర్లే, లెక్కలవాళ్ళు, ప్రోగ్రామింగ్ వచ్చు. ముగ్గురూ కలిసి రెండు వారాల్లో ఆరెగాన్ ట్రైల్ అనే గేమ్ తయారుచేశారు. అప్పుడు స్క్రీన్ కూడా లేదు, టైపుమిషన్ లాంటి దాంట్లో కాగితం మీద అక్షరాలు అచ్చవుతుంటే పిల్లలు చదువుకుని జవాబు కొట్టేవాళ్ళు, ఉన్న డబ్బులో ఎద్దులకెంత, తిండికెంత, బట్టలకెంత, తూటాలకెంత అని. తిండి మీద తక్కువ పెడితే దారిలో ఆకలి, ఎద్దుల మీద తక్కువ పెడితే మంచు పడేలోపు కొండలు దాటలేరు. తర్వాత ఆయన మెక్ అనే సంస్థలో చేరాక, ఆ రోజుల్లో ప్రయాణం చేసినవాళ్ళ డైరీలు చదివి ఎక్కడెక్కడ ఏ కష్టం ఎంత తరచుగా వచ్చిందో చూసుకుని ఆ ప్రకారం గేమ్‌ని సరిచేశాడు. ఆ మెక్ ప్రైవేటు కంపెనీ కాదండి, తమ స్కూళ్ళకి కంప్యూటర్ చదువు అందించడానికి మిన్నెసోటా రాష్ట్రమే 1973లో పెట్టుకున్న సంస్థ. ఒక్క రాష్ట్రం అనుకుని మొదలుపెడితే ఆ గేమ్ దేశమంతా, తరాల తరబడి పిల్లలు ఆడారు. దాంట్లో లోపం లేదని కాదు, ఆ దారిలో ముందు నుంచీ ఉన్న అక్కడి ఆదివాసుల వైపు కథ అందులో సరిగా లేదని విమర్శలొచ్చాయి, 2021లో వచ్చిన కొత్త గేమ్‌కి ఆ తెగల చరిత్రకారుల్నే పిలిచి కూచోబెట్టుకున్నారు. ఎవరు తయారుచేస్తే వాళ్ళ కథే వస్తుంది కదా మరి, మన పిల్లలకి మన కథ కావాలంటే మనమే చెయ్యాలి.

పెద్దవాళ్ళ పనుల్లో అయితే ఈ వాదనే లేదు. మా అన్నయ్య కొడుకు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, ట్రైనింగ్‌లో సిమ్యులేటర్ మీద కూచోబెట్టి పొగమంచు, ఉన్నట్టుండి ఎర్ర సిగ్నల్, పట్టాల మీద గేదెలు, ఇవన్నీ చూపించి బ్రేకు ఎక్కడ వేశాడో లెక్కగట్టేవాళ్ళట. నిజం బండి మీద ఆ తప్పులు చేసి నేర్చుకోవడం కుదరదుగా. విమానాలకి మొట్టమొదటి సిమ్యులేటర్లలో ఒకటి 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన చేశాడు, వాళ్ళ నాన్న పియానోలు ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో గాలితిత్తుల్తో చేశాడు, మొదట్లో దాన్ని కొన్నది ఎక్కువగా ఎగ్జిబిషన్లలో ఆటలు పెట్టేవాళ్ళు. మెయిల్ మోసే సైనిక పైలట్లు వరసగా చనిపోతుంటే 1934లో అమెరికా ఆర్మీ వచ్చి ఆరు కొనుక్కెళ్ళింది. డాక్టర్ల మీద కూడా 2007లో ఒక స్టడీ వచ్చింది, వారానికి మూడు గంటలకి మించి వీడియో గేమ్స్ ఆడిన అలవాటున్న సర్జన్లు, చిన్న రంధ్రం పెట్టి చేసే ఆపరేషన్ల ట్రైనింగ్‌లో, అసలు ఆడనివాళ్ళకంటే 37 శాతం తక్కువ తప్పులు చేశారని. 33 మంది మీదే చేశారు కాబట్టి దాన్ని పట్టుకుని పిల్లలందరికీ ఫోన్లు ఇచ్చెయ్యమని నేననట్లేదు. పైలట్‌కి, డ్రైవర్‌కి, డాక్టర్‌కి తప్పు చేసి నేర్చుకునే చోటు కావాలి అని ఒప్పుకుంటున్నాం కదా, పదమూడేళ్ళ పిల్లకి ఆ చోటు ఎందుకు వద్దంటున్నాం అని అడుగుతున్నా. మా స్కూల్లో తప్పు చేస్తే ఎర్ర ఇంకు. గేమ్‌లో తప్పు చేస్తే ఇంకోసారి.

అయితే గేమ్ అని పేరు పెట్టిన ప్రతిదీ గేమ్ కాదు, ఇది తల్లిదండ్రులకి చెప్పాలి. మా రెండోవాడికి ఒక యాప్ కొన్నాం, తక్కువేం కాదు, ఏడాది చందా కట్టాం. తెరిస్తే ఏముంది, అదే ప్రశ్న, అదే నాలుగు ఆప్షన్లు, కరెక్టయితే నాణేలు రాలతాయి, చక్రం తిరుగుతుంది, పక్కింటి వాడికంటే వెనకబడ్డావని నోటిఫికేషన్ వస్తుంది. వాడు వారం తిరిగేసరికి ప్రశ్న చదవకుండా ఆప్షన్లు నొక్కి నాణేలు పోగేయడం నేర్చుకున్నాడు. నేను ఇప్పుడు ఏ గేమ్ చూసినా ఒకటే చూస్తా, అందులోంచి పాఠం తీసేస్తే ఆట మిగులుతుందా? మిగిలితే అది పాఠం మీద పంచదార చల్లడమే. డ్రాగన్‌బాక్స్‌లోంచి సమీకరణం తీసెయ్యండి, ఆటే ఉండదు, ఆటా అదే పాఠమూ అదే.

ఇది మనకి తెలియని విద్యేం కాదు. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు, వామనగుంటల దగ్గర కూచుంటే మాత్రం గుంటలో గింజలు చేత్తో తియ్యకుండానే కంటితో చూసి ఎక్కడిదాకా వస్తాయో, చివర్లో ఎవరికి ఎన్ని పడతాయో చెప్పేసేది. ఏ గుంటలోంచి మొదలెడితే మూడు ఎత్తుల తర్వాత ఏమవుతుందో కూడా చెప్పేది, ఇవాళ పదో తరగతి పిల్లలకి నేను నేర్పలేకపోతున్న ముందుచూపు అది. వైకుంఠపాళి మాత్రం ఏంటండీ, ఏ మంచి పని నిచ్చెన ఎక్కిస్తుంది, ఏ చెడ్డ గుణం పెద్దపాము నోట్లో పడేస్తుంది అని పిల్లలకి చెప్పడానికి గీసిన పటమే కదా. అమెరికా నుంచి వచ్చి మన దేశంలో పల్లెటూరి పిల్లలకి ఫోన్లలో ఇంగ్లీషు నేర్పే గేమ్స్ మీద పనిచేసిన పరిశోధకులు, పిల్లలకి అలవాటైన ఆట ఎలా ఉంటుందో తెలుసుకుందామని, పల్లెల్లో ఆడే 28 సంప్రదాయ ఆటల్ని కూచుని రాసుకుని 2009లో పేపర్ వేశారు. వాళ్ళు వచ్చి మన ఆటలు రాసుకున్నారు, మనం మాత్రం వామనగుంటల పీటని అటక మీద పడేశాం.

ఇంక నేను అడిగేదేంటో చెప్తా. రెండు రాష్ట్రాల్లోనూ ఎస్‌సీఈఆర్‌టీ వాళ్ళు టెక్స్ట్‌బుక్ రాయడానికి టీచర్లని పిలిచి కూచోబెడతారు, గేమ్స్ కోసం కూడా అలా ఒక చిన్న టీమ్ పెట్టండి. హైదరాబాద్‌లో గేమ్స్ తయారుచేసే స్టూడియోలు ఉన్నాయి, తెలంగాణ ప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పాలసీ అని తెచ్చింది, పనిచేసే పిల్లలకి కొదవ లేదు, బయటి దేశాల గేమ్స్‌కి బొమ్మలు గీసేది మన పిల్లలే. వాళ్ళ పక్కన లెక్కల టీచర్ ఒకరు, సైన్స్ టీచర్ ఒకరు కూచోవాలి. సంవత్సరానికి వందొద్దు, రెండు చాలు. నెట్ లేకపోయినా నడవాలి, నాన్న వాడి పక్కన పడేసిన పాత ఫోన్లో కూడా నడవాలి, నాణేలు, ప్రకటనలు ఉండకూడదు, అరగంట ఆడాక తనే ఆగిపోవాలి. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు పక్క పేజీ తెలుగు వేస్తున్నాం కదా, గేమ్‌లో కూడా పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు భాష మార్చుకునేలా ఉండాలి. ఐఎఫ్‌పి ప్యానెల్ మీద వేస్తే క్లాసంతా రెండు జట్లుగా ఆడొచ్చు, ఇప్పుడు దాని మీద వీడియోలే కదా వేస్తున్నాం, పిల్లలు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

ఏ పాఠాల మీద అంటారా, ఒకటి నా మనసులో ఎప్పట్నుంచో ఉంది. మా అమ్మది అవనిగడ్డ దగ్గర ఊరు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు రాత్రంతా తాటిచెట్టు పట్టుకుని బతికింది, వాళ్ళ చెల్లెలు బతకలేదు. ఆ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ఐక్యరాజ్యసమితి విపత్తుల విభాగం వాళ్ళు 2007లో స్టాప్ డిజాస్టర్స్ అని ఒక గేమ్ పెట్టారు, ఇంత డబ్బు ఉంది, ఇంత టైం ఉంది, తుపానో వరదో రాబోతుంది, బడి ఎక్కడ కట్టాలి, ఇళ్ళు ఎలా గట్టిచెయ్యాలి, జనానికి హెచ్చరిక ఎలా పంపాలి అని ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. అలాంటిది మన తీరం మీద, మన ఊళ్ళ పేర్లతో, మడ అడవులు నరికితే ఏమవుతుందో, తుపాను షెల్టర్‌కి దారి వాన ముందే చూసుకోకపోతే ఏమవుతుందో చూపిస్తూ ఉంటే మా స్కూలు పిల్లలు ఒక పీరియడ్లో నేర్చుకునేది నేను నెల రోజులు చెప్పినా నేర్చుకోరు. ఇంకోటి, కాలవ నీళ్ళ మీద. పైన తూములు ఎంత ఎత్తితే చివరి భూములకి ఎన్ని రోజులకి నీళ్ళొస్తాయో, భిన్నాలూ నిష్పత్తులూ అన్నీ అందులోనే ఉన్నాయి. మా పిల్లల్లో సగం మంది నాన్నలు ఆ నీళ్ళ కోసం రాత్రుళ్ళు గట్ల మీద కాపలా పడుకునేవాళ్ళే.

ఆ పెద్దాయనకి కూడా మీ ద్వారా ఒక మాట. మీ మనవడు ఫోన్ పట్టుకుని కూచున్నప్పుడు లాక్కోకముందు ఒక్కసారి పక్కన కూచుని ఏమాడుతున్నావురా, ఇక్కడ ఏం చెయ్యాలి, ఎందుకలా చేశావు అని అడగండి. చెప్పలేకపోతే లాక్కోండి, నేనే మీ పక్షం. చెప్పగలిగితే కాసేపు వినండి.

నా ఆరు నోట్‌బుక్కులూ ఎవరు గేమ్ చేస్తామన్నా ఇచ్చేస్తా. పూర్ణసంఖ్యల దగ్గర, భిన్నాల దగ్గర, సమీకరణాల దగ్గర మన తెలుగు పిల్లలు ఎక్కడ తడబడతారో, ఆ తడబాటులో వాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళ మాటల్లోనే ఉన్నాయి అందులో. వేసవి సెలవుల్లో పిలిస్తే విజయవాడైనా హైదరాబాదైనా నా ఖర్చుల్తో నేనే వచ్చి కూచుంటా. చిరునామా, ఫోన్ నంబరు విడిగా మీ ఆఫీసుకి పంపిస్తున్నా, అడిగినవాళ్ళకి ఇవ్వండి.

ఇట్లు,
ఒక జడ్పీ హైస్కూల్ లెక్కల టీచర్,
కృష్ణా జిల్లా.